చప్పుడు లేని ఫిల్టర్

120 లీటర్ల తొట్టిలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. ఎక్కువేనని తెలుసు, షాపుకెళ్తే చెయ్యి ఊరుకోదు. ఇన్నాళ్లూ వెనక తగిలించే ఫిల్టర్ వాడాను. నీళ్లు రెండు వేళ్లు తగ్గాయంటే చాలు, రాత్రంతా కుళాయి కట్టడం మర్చిపోయినట్టే చప్పుడు. అమ్మ రెండుసార్లు లేచి బాత్రూమ్ చూసొచ్చింది కూడా. స్పాంజి ఫిల్టర్ పెడదామంటే దాన్ని నడిపే ఎయిర్ పంపు గుయ్యిమంటుంది.

చివరికి క్యానిస్టర్ ఫిల్టర్ కొన్నా. కింద అల్మరాలో మూత బిగించుకుని కిమ్మనకుండా కూర్చుంది. డబ్బా మీద గంటకు 1,000 లీటర్లని రాశారు గానీ, లోపల స్పాంజి, రింగులు నింపాక అంత రాదు. అందుకే ఒక సైజు పెద్దదే తీసుకున్నా.

పాతదాన్ని మాత్రం వెంటనే పీకలేదు. చేపల అమ్మోనియాని తినే బ్యాక్టీరియా దాని స్పాంజిలోనే ఉంది మరి. నెలరోజులు రెండూ నడవాలి. అందాకా రోజూ పడుకునే ముందు తొట్టిలో చెంబెడు నీళ్లు పోసే డ్యూటీ నాది.