పది గంటల పువ్వు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక వేస్తున్నామని, ఏదైనా రాయమని చెల్లెళ్లు ఫోన్ చేశారు. "మీరు కష్టపడి ఎలా పైకి వచ్చారో రాయండక్కా, మాకు ఉపయోగపడుతుంది" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. కష్టం తెలియకుండా ఈ గేటు లోపలికి వచ్చినవాళ్లు మనలో ఎవరున్నారు? అందుకే నేను ఒక చిన్న పూల మొక్క గురించి రాస్తున్నాను. దాని సంగతి రాస్తే, పాతికేళ్లుగా ఎవరికీ చెప్పని ఒక మాట కూడా చెప్పక తప్పదు.

1998 జూన్‌లో నేను ఆరో తరగతిలో చేరాను. నాన్న నన్నూ నా ట్రంకు పెట్టెనూ దింపి సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే అమ్మానాన్నలు మేస్త్రీ వెంట బొంబాయి పోయారు. పాలమూరు జిల్లావాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వానలు లేక, ఉన్న ఎకరంలో ఆముదాలు కూడా సరిగ్గా పండేవి కావు. బిల్డింగు పని ఎక్కడ దొరికితే అక్కడికి మా ఊరివాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లేవారు.

మొదటి నెలంతా నేను వంటగది వెనక నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. అక్కడ ఒక పగిలిన కుండలో సన్నగా, గుండ్రంగా, నీళ్లు నింపినట్టుండే ఆకులతో ఒక మొక్క పాకి ఉండేది. దాని పూలు రాణి రంగులో ఉండేవి. దాన్ని టేబుల్ రోజ్ అంటారని తర్వాత తెలిసింది. కొందరు నాచు పూలంటారు, కొందరు గడ్డి గులాబి అంటారు. ఒకరోజు వంట చేసే అక్క నన్ను చూసి, ఆ మొక్క నుంచి వేలంత కొమ్మ తుంచి నా చేతిలో పెట్టింది. "ఏడిస్తె ఏమొస్తదే? ఇది నాటుకో, బతుకుతది" అంది. చూస్తే దానికి వేరే లేదు. వేరు లేని కొమ్మ ఎలా బతుకుతుంది? నన్ను ఊరుకోబెట్టడానికి అలా అంది అనుకున్నాను. అయినా ఒక ఖాళీ డాల్డా డబ్బాలో మట్టి నింపి నాటాను.

పది రోజుల్లో చివర చిగురు వేసింది. ఇక నా సంతోషం చెప్పనలవి కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోశాను. బోరు సరిగ్గా పోయని రోజుల్లో కూడా నా స్నానం నీళ్లలో చెంబెడు మిగిల్చి దానికి పోశాను. నెల తిరగకుండానే కాండం మొదట్లో మెత్తబడి, నల్లబడి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. "నీళ్లు పోసి పోసి సంపినవు గదనే" అని వంట అక్క నవ్వింది. మళ్లీ ఒక కొమ్మ ఇచ్చింది. ఈసారి డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టించింది. మట్టిలో సగానికి సగం ఇసుక కలిపించింది. "మట్టి మొత్తం ఎండినంకనే నీళ్లు పోయి. ఆకు కొంచెం ముడుచుకున్నా భయపడకు" అంది. ఆ కొమ్మ బతికింది.

ఆ అక్క బడికి పోయింది లేదు. కానీ ఆమె మాటల వెనక ఉన్న శాస్త్రం నాకు డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు అర్థమైంది. ఈ మొక్క శాస్త్రీయ నామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. 1829లో హుకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతాలు. ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకుంటుంది. నీటికి మరీ కరువొస్తే పని పద్ధతే మార్చుకుంటుంది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడును రాత్రి పూట చల్లబడ్డాక పట్టుకుని, ఆమ్లంగా దాచిపెట్టి, పగలు ఎండలో వాడుకుంటుంది. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే ఉన్న తడి కాస్తా ఆవిరైపోతుందని దాని జాగ్రత్త. అలాంటి మొక్కకు రోజూ రెండుసార్లు నీళ్లు పోస్తే వేళ్లకు గాలి అందక కుళ్లిపోతుంది. నేను చేసింది అదే.

ఈ పువ్వుకు ఇంకో గుణం ఉంది. ఎండ బాగా తగిలితేనే విచ్చుకుంటుంది. పొద్దున తొమ్మిది, పదింటికి విప్పారి, మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు సరిగా తెరుచుకోదు. ఒక పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. మలయాళంలో దీన్ని పత్తుమణి పువ్వు, అంటే పది గంటల పువ్వు అంటారు. వియత్నాంలోనూ అదే అర్థం వచ్చే పేరుందట. హాస్టల్ పిల్లలకు దీనివల్ల ఒక చిక్కు. మేము బడికి బయలుదేరేటప్పుడు అన్నీ మొగ్గలే. సాయంత్రం తిరిగొచ్చేసరికి అన్నీ వాడిన పూలే. నేను నాటిన మొక్క పూయడం నేను చూడాలంటే ఆదివారం రావాలి.

ఆదివారం అంటే అమ్మానాన్నలు వచ్చే రోజు కూడా. గేటు దగ్గర సందడిగా ఉండేది. ఒకరి అమ్మ సకినాలు తెచ్చేది, ఒకరి నాన్న మక్క కంకులు తెచ్చేవాడు. వేపచెట్టు కింద తల దువ్వించుకుంటూ, పేలు చూపించుకుంటూ అందరూ కూర్చునేవారు. నాకెవరూ వచ్చేవారు కాదు. నేను డాల్డా డబ్బా ముందు కూర్చుని పూలు లెక్కపెట్టుకునేదాన్ని. "జడలో పెట్టుకుందామంటే గంటలో వాడిపోతుంది, వాసనా లేదు, దేనికే ఇది?" అని స్నేహితురాళ్లు ఎగతాళి చేసేవారు. నాకు మాత్రం అది ఆదివారం పది గంటలకు తప్పకుండా వచ్చే చుట్టం.

1999 ఎండాకాలం సెలవులకు అవ్వ దగ్గరికి వెళ్లాను. డబ్బా హాస్టల్లోనే ఉండిపోయింది. దాదాపు రెండు నెలలు ఎవరూ నీళ్లు పోయలేదు. జూన్‌లో వచ్చి చూస్తే ఎండుపుల్లలు మిగిలాయి. డబ్బా పారేయడానికి మనసు రాక తొట్టి వెనక పెట్టాను. మొదటి వాన పడ్డాక ఒక ఆదివారం చూద్దును గదా, డబ్బా నిండా గుండుసూది తలకాయలంత ఎర్రటి మొలకలు! ఈ మొక్క కాయ పండాక పైభాగం గిన్నె మీది మూతలా ఊడిపోతుంది. లోపల ఆవగింజ కన్నా చిన్న గింజలు బూడిద రంగులో మెరుస్తుంటాయి. అవన్నీ ఆ ఎండలో మట్టి మీదే ఉండి, వాన కోసం చూశాయన్నమాట. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఈసారి వేరే ఏడుపు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను.

2000లో నేను ఎనిమిదో తరగతి. దసరాకు ముందు ఆదివారం. పది దాటింది. పూలన్నీ విచ్చుకున్నాయి. గేటు దగ్గర నుంచి ఆయా నా పేరు పెట్టి కేకేసింది. వెళ్లి చూస్తే అమ్మ! బొంబాయి బస్సు దిగి, ఊరికి కూడా పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. చీర కుచ్చిళ్ల మీద సిమెంటు మరకలు. వేళ్లు పగిలి, గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. మా అమ్మానాన్నలు బొంబాయిలో కంపెనీలో ఉద్యోగం చేస్తారని నేను అప్పటికే అందరికీ చెప్పుకున్నాను. పక్కనున్న స్నేహితురాలు "ఎవరే?" అని అడిగింది.

"మా ఊరామె. అమ్మ పంపింది" అన్నాను.

అమ్మ నా పక్కనే ఉంది. విన్నది. నా ముఖం వైపు ఒకసారి చూసింది. తర్వాత నా స్నేహితురాలి వైపు తిరిగి, "అవు బిడ్డా, వాళ్లమ్మ పంపింది" అంది.

ఆమెను తొట్టి వెనక్కి తీసుకెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక మొక్కను చూపించాను. అమ్మ కూర్చుని ఆకు నలిపి చూసింది. "గిది మన గంగవాయిలి తీరుగున్నదే. పువ్వే గింత పెద్దగున్నది" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. చేలల్లో కలుపుగా మొలిచే, మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర, ఈ టేబుల్ రోజ్ రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. ఆంధ్ర వైపు గంగపాయల కూర అంటారు. దాని పువ్వు పసుపుపచ్చగా చాలా చిన్నగా ఉంటుంది. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది అమ్మ వేళ్లతో తెలుసుకుంది. వెళ్లేటప్పుడు ఒక కొమ్మ తుంచుకుని, కొంగు చివర తడిపి అందులో చుట్టుకుంది. తెచ్చిన అటుకుల మూట నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

2002 ఎండాకాలంలో నాన్న నన్ను బొంబాయి తీసుకెళ్లాడు. కట్టే బిల్డింగు పక్కన రేకుల గుడిసెలు. మా గుడిసె ముందు పెయింటు డబ్బాలో రాణి రంగు పూలు విరగబూసి ఉన్నాయి. పక్క గుడిసె ఆమె నన్ను చూడగానే "ఈ పువ్విచ్చిన బిడ్డవు నువ్వేనా? మీ అమ్మ అందరికీ చెప్తది" అంది. అప్పటికి అమ్మావాళ్లు మూడు సైట్లు మారారు. మారిన ప్రతిసారీ డబ్బా అక్కడే వదిలేసి, ఒక కొమ్మ మాత్రం తుంచుకుని తడిగుడ్డలో చుట్టుకుని వెళ్లేదట. అమ్మ నన్ను మేస్త్రీకి, వాచ్‌మన్‌కు, టీ కొట్టాయనకు చూపించి "మా బిడ్డ, హాస్టల్ల సదువుతున్నది" అని చెప్పింది. నేను తలొంచుకుని నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు.

ఇప్పుడు నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా డాబా మీద ఆ మొక్కలు పన్నెండు కుండీల్లో ఉన్నాయి. చెల్లెళ్లారా, మీరూ పెంచుకోండి. పెద్ద ఖర్చేమీ లేదు. అడుగున చిల్లులున్న ఏ డబ్బా అయినా చాలు. ఎర్రమట్టి, ఇసుక సమంగా కలిపి గుప్పెడు మాగిన పశువుల ఎరువు వేయండి. అంతకు మించితే ఆకులే తప్ప పూలు రావు. మూడు నాలుగు అంగుళాల కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి నాటి, రెండు మూడు రోజులు నీడన ఉంచండి. ఆ తర్వాత నేరుగా ఎండలో పెట్టండి. నీడలో ఉంచితే కొమ్మలు సాగుతాయి, పూలు పూయవు. ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరపండి. పూత తగ్గితే సగానికి కత్తిరించండి. తెల్లటి పిండినల్లి కనిపిస్తే సబ్బు నీళ్లతో తుడవండి. విత్తనాలు వేస్తే మట్టి కప్పకండి, పైన చల్లి వదిలేయండి. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి.

ఇంకొక్క మాట. ఆదివారం మీ అమ్మ ఏ చీరలో వచ్చినా, చేతులు ఎలా ఉన్నా, ఎవరైనా "ఎవరే?" అని అడిగితే గట్టిగా చెప్పండి, "మా అమ్మ" అని. ఆ మాటకు వచ్చే అవకాశం ఆ పువ్వులాగే ఒక్క పూట ఉంటుంది.

మా అమ్మకు చదువు రాదు. ఈ సంచిక చేతికి వచ్చాక, ఒక ఆదివారం పది గంటలకు డాబా మీద కూర్చోబెట్టి నేనే చదివి వినిపిస్తాను.

- పూర్వ విద్యార్థిని, 2003 పదో తరగతి బ్యాచ్