వాకిలే ఇల్లయిన చోటు



సెలవులకు బాలి వెళ్ళొచ్చే తెలుగువాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఫొటోల్లో కనిపించేవి దాదాపు ఒకటే: కొలను, ఊయల, వరిమళ్ళు. అక్కడివాళ్ళు కాపురముండే ఇల్లు మాత్రం కనబడదు. కనబడే వీలూ తక్కువే లెండి. వీధిలోంచి చూస్తే పొడవాటి ప్రహరీ, దాని మధ్యలో ఇరుకైన గుమ్మం, అంతే. అందుకే ఈసారి ఆ ప్రహరీ లోపలి సంగతి రాస్తున్నాను.

గుమ్మం దాటగానే ఎదురుగా ఇంకో చిన్న గోడ అడ్డొస్తుంది. దాన్ని అలింగ్-అలింగ్ అంటారు. దుష్టశక్తులు తిన్నగానే నడుస్తాయని, మలుపు తిరగలేవని వాళ్ళ నమ్మకం. దారినపోయేవాళ్ళ కళ్ళు లోపల పడకపోవడం అదనపు లాభం. పక్కకు తిరిగి లోపలికి వెళ్తే ఊడ్చి పెట్టిన ఖాళీ వాకిలి. దాన్ని నాతాహ్ అంటారు. దాని చుట్టూ ఎత్తు అరుగుల మీద విడివిడిగా చిన్న చిన్న కట్టడాలు. వాటిని బలె అంటారు.

మన గోదావరి జిల్లాల మండువా లోగిలిలో గదులన్నీ కలిసే ఉంటాయి, నడుమ ఆకాశం ఉంటుంది. బాలిలో గదులు దేనికది విడిగా ఉంటాయి, వాటిని కలిపేది వాకిలే. పడకగదిలోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే ఎండయినా వానయినా ఆరుబయట నడవాల్సిందే.

ఎక్కడ ఏముండాలో కొండ, సముద్రం చెబుతాయి. కొండవైపు పవిత్రం, సముద్రంవైపు దానికి కింది మెట్టు. ద్వీపం దక్షిణాన ఉన్న ఊళ్ళలో కొండవైపంటే ఉత్తరం. అదే ఉత్తర తీరాన ఉన్న సింగరాజా వైపు వెళితే అగుంగ్ లాంటి కొండలన్నీ దక్షిణాన పడతాయి కాబట్టి దిక్కే తిరగబడుతుంది. దక్షిణ బాలి ఇళ్ళలో ఈశాన్య మూల కులదేవతల గుడి, ఉత్తరాన పెద్దల పడక, తూర్పున శుభాశుభాలు జరిగే బలె, దక్షిణాన వంటిల్లు. పెళ్ళికి ముందో, యౌవనంలోనో పళ్ళు అరగదీసే వేడుక జరిగేది ఆ తూర్పు బలె మీదే. మనిషి పోతే పడుకోబెట్టేదీ అక్కడే.

కొలతలు ఇంటి యజమాని ఒంటివి. ఉందగి అనే స్థపతి అతని చేతుల బారను, పిడికిలిని కొలిచి స్తంభాల లెక్క కడతాడు. బలెకూ బలెకూ మధ్య దూరాన్ని యజమాని పాదాలతోనే, మడమకు వేలు ఆనించి కొలుస్తారు. లెక్క పూర్తయ్యాక చివర పాదాన్ని అడ్డంగా పెట్టి ఆ వెడల్పునూ కలుపుతారు. అది కలిస్తేనే కట్టడానికి ప్రాణం వచ్చినట్టు. కాబట్టి ఇరుగుపొరుగు వాకిళ్ళు చూడ్డానికి ఒకలా ఉన్నా కొలతకు ఒకటి కావు.

బిడ్డ పుడితే మాయను కొబ్బరిచిప్పలో పెట్టి ఈ వాకిట్లోనే, పడక బలె గుమ్మం దగ్గర పాతిపెడతారు. మగబిడ్డయితే కుడివైపు, ఆడపిల్లయితే ఎడమవైపు. పైన ఒక రాయి పెట్టి దీపం వెలిగిస్తారు. మనం బొడ్డుతాడు కోసిన చోటు అని మాటవరసకి అంటాం కదా, వాళ్ళకి ఆ చోటు కళ్ళెదుటే ఉంటుంది.

ఈ వాకిలి హోటళ్ళకు ఎలా చేరిందంటే, 1960లలో సనూర్ తీరాన పదంతస్తుల బాలి బీచ్ హోటల్ లేచింది. ఆ తర్వాత కట్టడాల ఎత్తు కొబ్బరిచెట్టును మించకూడదని, అంటే సుమారు 15 మీటర్లని, నిబంధన వచ్చింది. పైకి పోయే దారి లేక హోటళ్ళు అడ్డంగా పరుచుకున్నాయి. 1989లో ఉబుద్ దగ్గర అమందారి అనే హోటల్ కట్టిన ఆస్ట్రేలియా ఆర్కిటెక్ట్ పీటర్ ముల్లర్ బాలి ఊరినే నమూనాగా తీసుకున్నాడు: గోడల మధ్య సందులు, అతిథి అతిథికీ ఒక గుమ్మం, ఒక వాకిలి. ఊరుమ్మడి మండపంలా నాలుగువైపులా తెరిచిన లాబీ. ఇవాళ మన రిసార్టుల్లో కనిపించే గోడల్లేని లాబీల్లోనూ ఆ పోకడే కనిపిస్తుంది.

అమందారి అందమైన కట్టడం, కాదనను. కానీ ఆ తర్వాత వచ్చిన విల్లాల్లో వాకిలి స్థానంలో కొలను చేరింది. పదిమంది కూడే చోటు కాస్తా ఇద్దరి ఏకాంతానికి ఆవరణ అయింది. నా లెక్కలో అది వాకిలి కాదు, ప్రహరీ మాత్రమే.

అసలు వారసత్వం ఇంకోచోట ఉంది. ప్రతి పేటకూ బంజార్ అనే ఉమ్మడి వ్యవస్థ, దానికో మండపం ఉంటాయి. దెన్‌పసార్ నగరం నడిబొడ్డున స్థలం కరువై మేడ మీద మేడ కట్టినా, గోడల్లేని హాలు ఒకటి వదిలిపెట్టడం మామూలే. పొద్దున పసిపిల్లలను తూకం వేయడం, సాయంత్రం గామెలాన్ అనే వాద్యమేళం సాధన, ఎన్నికలప్పుడు పోలింగు, అన్నీ అందులోనే. పెళ్ళయిన ప్రతి జంటా బంజార్ సభ్యులే, చావుకీ పండక్కీ వచ్చి పని చేయాల్సిందే. ఆ చోటు ఖాళీగా పడి ఉండకపోవడానికి కారణం ఆ బాధ్యత. మన అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లకు తాళాలు ఎందుకు పడతాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇళ్ళలో మాత్రం అన్నదమ్ముల వాటాలు పెరిగి వాకిళ్ళు చిన్నవవుతున్నాయి. మోటారుసైకిళ్ళు సగం చోటు తినేస్తున్నాయి.

ఈసారి బాలి వెళ్ళేవాళ్ళు ఒక సాయంత్రం కొలను వదిలి, గామెలాన్ వినిపించిన వైపు నడవండి. పిలిస్తేనే గుమ్మం దాటండి, నేల మీద పెట్టిన ఆకుదొన్నెల పూలు తొక్కకండి, మండపం అంచున కూర్చోనిస్తే కూర్చోండి. చూసొచ్చింది నాకూ ఒక ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ
స్నేహితుడు