వేటలేని రేవులో పిల్లికూన

విశాఖ చేపలరేవు సందడి చూడాలంటే నిద్ర పాడుచేసుకోవాల్సిందే. తెల్లవారుజామున నాలుగు దాటేసరికే అక్కడ తిరనాళ్లలా ఉంటుంది. మరబోట్ల నుంచి దిగే కానాగంతలు, చందువలు, రొయ్యల కుప్పలు, వాటి చుట్టూ పాట పాడేవాళ్ల కేకలు, తట్టలు నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో ఆడవాళ్లు... వీళ్లందరి కాళ్ల మధ్యా తోకలెత్తుకుని తిరిగే పిల్లులు. వాటికి ఎవరూ ప్రత్యేకంగా తిండి పెట్టరు. తట్టలోంచి జారిందంతా వాటిదే మరి!

ఇది పది నెలల ముచ్చట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లనూ ఇంజిన్ పడవలనూ సముద్రంలోకి వెళ్లనివ్వరు. ఇంజిన్ లేని తెప్పలకు మాత్రం మినహాయింపు. మే మూడోవారంలో నేను వెళ్లేసరికి బోట్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. వాటి నీడలో కూర్చుని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. అక్కడక్కడా రంగుల వాసన. పిల్లులు కనిపించాయి గానీ డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. వేట లేకపోతే జాలరి కుటుంబానికి ప్రభుత్వ సాయం ఉంటుంది. 2025లో దాన్ని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. పిల్లుల సంగతి ఏ లెక్కలోనూ లేదు.

ఎండుచేపలు అమ్మే ఒకావిడ దుకాణంలో నెత్తళ్లు బేరమాడుతుంటే గంపలోంచి సన్నగా కూత వినిపించింది. లోపల పాత చీరముక్క, అందులో గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా, దానికి అతుక్కుని బూడిదరంగు పిల్లికూన. ఏప్రిల్ నెలాఖరున తల్లి లారీ కింద పడిందట. మిగతా పిల్లలు ఒక్కరోజులోనే పోయాయి.

''ఇదీ సచ్చిపోద్దన్నారు బాబూ అందరూ. ముట్టుకుంటే ఐసుముక్కే'' అందావిడ.

ఆవుపాలు పడదామంటే పశువుల డాక్టరు వద్దన్నాడట. పిల్లికూనకు ఆవుపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అసలు ఒళ్లు చల్లబడిన కూనకు ఏ పాలైనా ప్రమాదమే. ముందు వెచ్చబరచాలి, ఆ తర్వాతే ఆహారం. పిల్లికూనల కోసమే దొరికే పాలపొడి తెప్పించి, గోరువెచ్చని నీళ్లలో కలిపి చిన్న సిరంజితో చుక్క చుక్కగా పట్టారు. పసిపిల్లాడిలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి బోర్లాగానే ఉంచాలి. పాలయ్యాక తడిదూదితో కిందభాగం మెల్లగా తుడవాలి. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోసుకోలేనంత పసితనం అది.

మొదట్లో రెండుమూడు గంటలకోసారి, రాత్రీ పగలూ ఇదే పని. అర్ధరాత్రి వంతు ఆవిడది. మూడు గంటల వంతు కొడుకుది. బోటు మీద పనిచేసే కుర్రాడు, నిషేధం ఉన్నా లేకపోయినా ఆ వేళకు మెలకువ వచ్చేస్తుందట!

నాకు భలే నచ్చింది కాటా సంగతి. ఎండుచేపలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీదే రోజూ పొద్దున్న కూనను తూస్తారు. దొరికిన రోజు 120 గ్రాములు. రోజుకు పది గ్రాములైనా పెరగాలన్నాడు డాక్టరు. నాలుగోరోజు పెరగకపోగా ఆరు గ్రాములు తగ్గింది. ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదట. బేరం లేని రోజుల్లో పాలపొడి ఖర్చేమిటని ఇరుగుపొరుగు నవ్వారు. ''నవ్వనీ, ఆళ్ల సొమ్మేటి'' అందావిడ. నేను చూసిన పొద్దున కాటా మీద 310.

అసలు బెంగ జూన్ 14. ''మావోడు ఏటకెల్తే పదిరోజులకి గానీ రాడు. నాను రేవులో ఉంటాను. పాలెవరు పడతారు? ఈలోగా తినడం నేర్సుకోవాల.'' అందుకే తెప్పవాళ్లు తెచ్చిన కవ్వలు రెండు కొని, ఉప్పు వేయకుండా ఉడికించి, ముల్లు తీసి మెదిపి పళ్లెంలో పెట్టింది. కూన వాసన చూసింది. ముందుకాలు పళ్లెంలో పెట్టి, దాని మీదుగా నడిచి అవతలికి వెళ్లిపోయింది. కాసేపటికి ఓ మూల కూర్చుని ఆ కాలు నాక్కోవడం మొదలుపెట్టింది.