టామీ, అవ్వ, ఒక బిస్కెట్టు



మందిరం వాకిట్లో పడుకునే టామీ మీకందరికీ తెలుసు. మైపాడు రోడ్డు పక్కన మా పిల్లలకు దొరికిన నాటుకుక్క అది. పోయిన వేసవిలో చిక్కిపోవడం మొదలుపెట్టింది. తినేది, కాసేపటికి కక్కేది. నీళ్ల విరేచనాలు, ఒక్కోసారి రక్తం. నులిపురుగుల మందు వేశాం. నెల దాటినా తగ్గలేదు.

నెల్లూరు తీసుకెళ్తే డాక్టరు గారు మలం, రక్తం పరీక్షించి, స్కానింగ్ తీశారు. "పేగు గోడ వాచింది అయ్యగారూ" అన్నారు. శరీరాన్ని కాపాడవలసిన కణాలే పేగు పొరలో గుమిగూడి, తిన్న తిండిని, పేగులో ఎప్పుడూ ఉండే సూక్ష్మక్రిములను శత్రువులనుకొని పోరాడతాయట. ఆ పోరులో దెబ్బతినేది పేగే. అందుకే తిన్నది ఒంటికి పట్టదు. పిల్లులకూ ఈ జబ్బు వస్తుంది. బాగా మేస్తూనే ఎండిపోయే గేదెలను, గొర్రెలను మీరు చూసి ఉంటారు. వాటికి వచ్చే జోన్స్ వ్యాధి వేరు, అది సూక్ష్మక్రిమి వల్ల వచ్చేది.

ఖాయంగా తేల్చాలంటే మత్తిచ్చి పేగు ముక్క తీసి పరీక్షించాలి. అంతకుముందు తిండి మార్చి చూద్దామన్నారు. చాలా కుక్కలు దాంతోనే తేరుకుంటాయి, తేరుకోని వాటికి స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. టామీ ఎన్నడూ తినని మాంసం పెట్టాలి. చేప, కోడి, గుడ్డు, పాలు అన్నీ తిన్నదే. మిగిలింది పొట్టేలు మాంసం. మా పిల్లలకే నెలకొకసారి వండేది! ఉప్పూ కారం లేకుండా ఉడికించి అన్నంలో కలిపి పెట్టాలి. బయటి తిండి ఒక్క ముక్క కూడా తగలకూడదు.

వారం గడిచినా గుణం కనబడలేదు. ఆరా తీస్తే, ఒక అవ్వ రోజూ సాయంత్రం బిస్కెట్లు పెడుతోంది. ఆ ఆదివారం నేను మైకులోనే గట్టిగా చెప్పాను: "ఎవరూ టామీకి ఏమీ పెట్టబాకండి. మీ బిస్కెట్లే దాన్ని చంపుతున్నాయి."

తర్వాత రెండు ఆదివారాలు అవ్వ మందిరానికి రాలేదు.

నేను ఆమె ఇంటికి వెళ్లాను. "నా బిస్కెట్టే రోగమని అందరి ముందూ అంటిరే అయ్యగారా, ఏ మొహం పెట్టుకొని వచ్చేది? సాయంత్రమైతే నా పక్కన కూర్చునేది అదొక్కటే గదా" అంది. నాకు మాట రాలేదు. కుక్క ఒంట్లో జరిగేదాన్ని శ్రద్ధగా విన్నాను, అవ్వ ఒంటరితనాన్ని వినలేదు. కాపాడవలసిన కాపరినే, శత్రువెవరో తెలుసుకోకుండా సొంత మందమీద పడ్డాను. క్షమించమని అడిగాను.

అవ్వ కాసేపు ఊరుకుంది. "ముందే నాతో చెప్పుంటే పెట్టుంటానా? ఆ మాంసమేదో నేనే ఉడకేస్తా" అంది.

అప్పటినుంచి టామీ గిన్నె అవ్వ చేతిలోనే ఉంది. రెండు వారాలకు విరేచనాలు గట్టిపడ్డాయి, మెల్లగా ఒళ్లు చేసింది. ఈ జబ్బు అదుపులో ఉంటుందే గాని, మళ్లీ రాదని చెప్పలేం.

బల్లమీదనుండి పడే ముక్కలను గూర్చి కనాను స్త్రీ యేసుతో పలికిన మాటపై ఎన్నోసార్లు ప్రసంగించాను. ముక్క వేసే చేతికి కూడా ఒక ఆకలి ఉంటుందని అవ్వ నాకు నేర్పింది.

మీ ఇంటి జీవానికి మూడు వారాలు దాటి వాంతులో విరేచనాలో ఉంటే, మనుషుల మాత్రలు వేయక డాక్టరుకు చూపించండి. ఎవరినైనా "వద్దు" అనవలసి వస్తే, ముందు వారి ఇంటికి వెళ్లండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.