నీళ్లకు వెంట్రుకంత సందు చాలు



నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, అందుకే చిన్న మాటల్లో రాస్తాను. ఈసారి విషయం సముద్రం లోపల వాడే కెమెరా కేబుల్ కనెక్టర్లు. మనకెందుకులే అనుకోకండి. నాలుగు నెలలు వానలో బతికే ముంబైవాళ్లకు ఇది ఇంటి విషయమే.

రైల్వేలో సిగ్నల్ సామాన్ల స్టోర్స్‌లో నేను గుమాస్తాను. కేబుల్ జాయింట్ కిట్లు, రబ్బరు రింగులు లెక్క రాసి ఇవ్వడం నా పని. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ తర్వాత ఫిట్టర్లు జాయింట్లు విప్పి చూపిస్తే నాకు అర్థమైంది ఒక్కటే. నీళ్లు బలంతో లోపలికి రావు, మన అశ్రద్ధతో వస్తాయి.

ఈమధ్య కామాఠీపురా నుంచి మనవాళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు. మాల్వణ్ దగ్గర తార్కర్లీలో నీళ్లలోకి దిగే టూరిస్టులకు ఫొటోలు తీస్తాడు. కెమెరా పెట్టెకూ ఫ్లాష్‌కూ మధ్య ఉండే కేబుల్ పట్టుకొచ్చాడు.

"కాకా, ఒకసారి వెలుగుతది, నాలుగుసార్లు వెలగది. కొత్తది కొనాలంటే రెండు నెలల కిరాయి పోతది" అన్నాడు.

మల్టీమీటర్ పెట్టి, కేబుల్‌ను మెడ దగ్గర వంచుతూ ఒక్కో పిన్నూ చూశాను. లోపల తీగలు బాగానే ఉన్నాయి. తీగ తెగి ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. పోత పోసిన ప్లగ్గును కోసి అతికిస్తే లోతులో నమ్మలేం. ఇక్కడ రోగం వేరే. పిన్నుల మీద పచ్చటి చిలుము, ఓ-రింగ్ మీద సన్నని గాటు.

చెవి పుల్లతో తెల్ల వెనిగర్ రాసి చిలుము తీశాను. మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రాత్రి ఆరబెట్టాను. పాత రింగును వెర్నియర్‌తో కొలిచి, నాగదేవి వీధిలో అదే సైజుది తెచ్చాం. దానికి సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంతే రాయాలి. నీళ్లను ఆపేది గ్రీజు కాదు, రింగు. గ్రీజు ఎక్కువైతే ఇసుక, వెంట్రుకలు అంటుకుంటాయి.

పది మీటర్లు దిగితే ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. మంచి రింగును ఆ ఒత్తిడే ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. అందుకే చాలాసార్లు నీళ్లు దూరేది లోతులో కాదు, పైపైనే.

"శనివారం బుకింగ్ ఉంది కాకా, అట్లనే పెట్టుకొని దిగుతా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "ఒక రోజు సంపాదన పోతే మళ్లీ వస్తుంది బాబూ. కెమెరాలోకి ఉప్పునీళ్లు పోతే మిగిలేది అప్పే. మొదటిసారి కెమెరా లేకుండా, ఖాళీ పెట్టెలో టిష్యూ కాగితం పెట్టి దించు" అన్నాను. మొహం ముడుచుకున్నాడు గానీ మాట విన్నాడు. కాగితం పొడిగా వచ్చిందని ఫోన్ చేశాడు. తర్వాతి వారం నుంచి పనిలోకి దిగాడు.

ఇలాంటి పని చేసే పిల్లలు మీ ఇళ్లలో ఉంటే ఇవి చెప్పండి. సముద్రం నుంచి పైకి రాగానే కనెక్టర్ విప్పకూడదు. బిగించి ఉండగానే మంచినీళ్లలో నానబెట్టాలి. తుడిచి, ఆరాక, ప్లగ్గు మొహం కిందికి పెట్టి విప్పాలి. అప్పుడు చుక్క లోపలికి కాక బయటికి జారుతుంది. కేబుల్‌ను మెడ దగ్గర మడవకూడదు. రింగును పిన్నీసుతో తీయకూడదు, గాటు పడేది అక్కడే.

తెలుగు దేశం నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాల్లో చెమటోడ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు ఉంది. మనది చేతిపనితో నిలబడ్డ జాతి. ఇప్పుడు మన పిల్లలు చెడిన వస్తువు చూడగానే ఫోన్‌లో కొత్తదాని ధర వెతుకుతున్నారు. ముందు విప్పి చూడటం నేర్పుదాం. బాగవుతుందో లేదో నిజం చెప్పడం కూడా నేర్పుదాం. ఎందుకంటే దాని మీద ఇంకొకరి అన్నం ఆధారపడి ఉంటుంది.

ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే కింద రాయండి. మల్టీమీటర్ నాది, టీ మీది.

మీ దాదర్ సభ్యుడు