చీటీ అంటించని పుస్తకం

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ నుంచి అమ్మ మైదా తెప్పిస్తే అందులో గుప్పెడు నాన్నకు పోయేది. ఆయన రైల్వే గార్డు. 1976 నాటి జనరల్ రూల్స్ పుస్తకానికి దిద్దుబాటు చీటీలు వచ్చినప్పుడల్లా మైదా ఉడికించి, పాత నిబంధన మీద కొత్తది అంటించేవారు. చీటీ అంటించని పుస్తకం కంటే పుస్తకం లేకపోవడమే నయమనేవారు.

ఆ మాట నిరుడు మళ్లీ విన్నాను. టెక్సాస్‌లో ఉంటున్న బాబాయి కొడుకుకు రేంజికి వెళ్లి తుపాకి పేల్చడం సరదా. పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్లో మళ్లీ మందు నింపి, కొత్త గుండు బిగించి ఇంట్లోనే తయారుచేసుకుంటున్నాడట. సొంత వాడకానికైతే అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా చేస్తే నేరం.

పాత పుస్తకాల దుకాణంలో 1970ల నాటి మాన్యువల్ రెండు డాలర్లకే దొరికిందని మురిసిపోయాడు. దాన్ని చూసి అప్పటికే యాభై తూటాలు నింపాడు.

‘‘దానికి చీటీలెవరు అంటించార్రా?’’ అన్నారు నాన్న.

‘‘లెక్కలు మారతాయా పెదనాన్నా!’’ అని నవ్వాడు.

విలేఖరి బుద్ధి ఊరుకోదు కదా, నేను ఆరా తీశాను. లెక్కలు మారతాయి. మందు, గుండ్లే కాదు, పేలుడు ఒత్తిడిని కొలిచే పరికరాలూ మారాయి. పాత పుస్తకంలోని గరిష్ఠ మోతాదు నేటి లెక్కలో ప్రమాదకరం కావచ్చు. హోర్నడీ, స్పీర్, సియెర్రా ప్రధానంగా తమ గుండ్ల లెక్కలే ఇస్తాయి. లైమన్ పుస్తకం పలు కంపెనీల గుండ్లను పరీక్షించి చెబుతుంది. కాబట్టి కొత్త ముద్రణలు కనీసం రెండు ఉండాలి. అవి విభేదిస్తే తక్కువ అంకెకే కట్టుబడాలి. కనిష్ఠ మోతాదుతోనే మొదలుపెట్టాలి. మందును తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే గురివింద గింజ బరువులో దాదాపు సగం. అంత సన్నని తూకంలో జ్ఞాపకాన్నీ, చేతివాటాన్నీ నమ్మలేం.

వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. యాభై తూటాలూ విప్పేశాడట, రెండు కొత్త పుస్తకాలు కొన్నాడట.

నాన్న సంతోషించారు. తర్వాత బీరువాలోంచి తన రూల్స్ పుస్తకం తీశారు. చీటీలతో లావెక్కి ఉంది. ఆయన రిటైరయ్యాక మళ్లీ ఒక్క చీటీ అంటలేదు. 2022లో గార్డు అన్న పేరే ట్రైన్ మేనేజర్‌గా మారింది.

‘‘ఎవరైనా కుర్రాడు చదువుకుంటానని అడిగితే ఇవ్వకు’’ అన్నారు. ‘‘ఇది నేను దాచుకోవడానికే.’’