ఒక పాటకు రెండు పాఠాలు

తెలుగు మేష్టారికి ఇంగ్లీషు రాక్ పాటలేమిటని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. ఆమె చెవికది గిన్నెల బుట్ట బోర్లాపడ్డ చప్పుడు. పోనీండి! ఆ చప్పుడుకూ పాఠాంతరాలున్నాయి.

వైట్‌స్నేక్ బృందం వారి ‘స్లైడ్ ఇట్ ఇన్’ ఆల్బం 1984 జనవరిలో ఇంగ్లండులో వచ్చింది. నిర్మాత మార్టిన్ బర్చ్. కొద్ది నెలలకే అమెరికా కోసం కీత్ ఓల్సెన్ దాన్ని మళ్ళీ మిక్సు చేశాడు. మిక్సు చెయ్యటమంటే ఏ వాద్యం ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో తేల్చటం. ఈసారి తగ్గించటంతో పోలేదు. మికీ మూడీ గిటారు చాలాచోట్ల తీసేసి, కొత్తగా చేరిన జాన్ సైక్స్ చేత వాయింపించారు. కాలిన్ హాడ్కిన్సన్ బేస్ గిటారుకు బదులు నీల్ మర్రేది వచ్చింది. కోజీ పవెల్ డ్రమ్ములు మాత్రం అవే.

2019లో ఈ రెంటినీ రీమాస్టరు చేసి, మరో కొత్త మిక్సుతో కలిపి ఒకే పెట్టెలో అందించారు. రీమాస్టరంటే చొక్కాను ఉతికి ఇస్త్రీ చెయ్యటం. మిక్సంటే కుట్లు విప్పి మళ్ళీ కుట్టటం. అన్నీ వరసగా విన్నాను. అమెరికా పాఠంలో జోరెక్కువ. డ్రమ్ములు మైదానంలో మోగినట్టుంటాయి. ఉత్సాహం కావాలంటే అదే వినండి. నాకైతే ఇంగ్లండు పాఠమే ఇష్టం. తొందరపడని గిటారు, పక్కగదిలో మనుషులు వాయిస్తున్నట్టుంటుంది.

తాటాకు ప్రతులు సరిచూసే మంచి పరిష్కర్త, తాను తోసేసిన పాఠాన్ని కూడా పుట అడుగున చూపిస్తాడు. ఇక్కడా ఆ పని జరగబట్టే మూడీ, హాడ్కిన్సన్‌ల శ్రమ నిలిచింది. “అసలు పాట ఏది నాన్నా?” అంది మొన్న మా అమ్మాయి. రెండూ వినిపించాను.

“బేస్ వాయించే ఆయన మారాడు కదూ?” అంది, నేను చెప్పకముందే.